ఎదురొచ్చే మనిషి

పెట్టె మూత పడటం లేదు. నీలవేణి దాని మీద మోకాలు ఆనించి జిప్పు లాగుతోంది. మంచం మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్న కనకం, చేతిలో పని ఆపకుండానే అడిగింది.

"అంతా బాగానే ఉంది గానీ, ఎల్లుండి మీ గుంట బయల్దేరేటప్పుడు ఎదురెవరొస్తారే?"

జిప్పు సగంలో ఆగింది. కనకం నీలవేణికి తోడికోడలు, వయసులో పెద్దది. సాయం చేద్దామని ఇదే ఊళ్ళోని తోర్వా నుంచి వచ్చి రెండు పూటలుగా ఇక్కడే ఉంది.

"ఇంకెవరొస్తారప్పా, నువ్వే రావాల," అంది నీలవేణి.

"అమ్మ వస్తుంది."

కూతురు జ్యోతిర్మయి గుమ్మంలో నిలబడి ఉంది. తలస్నానం చేసి జుట్టుకి తువ్వాలు చుట్టుకుంది. "అమ్మే వస్తుంది. పక్కా."

"నువ్వూరుకో, నీకు తెల్దు," అంది కనకం. "మీ అమ్మంటే నాకు కోపమేటి? ఇంట్లోంచి మనిషి కదిలేటప్పుడు పసుపుకుంకాలున్నోళ్ళు ఎదురు రావాల. అంతే కదా."

"అంతే ఏంటి పెద్దమ్మా? తెల్లారగట్ల లేపి చదివించింది అమ్మ. ఆఫీసుల చుట్టూ తిరిగింది అమ్మ. ఎదురు మాత్రం నువ్వొస్తావా, ముఫ్త్‌లో?"

"ఊరికే ఎందుకొస్తాను? ఆ దేశం నుంచి చాక్లెట్లు తేవాల."

ముగ్గురూ నవ్వారు. ఆ దేశం డెన్మార్క్. పిల్లల్ని ఏడాదిపాటు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపే సంస్థ ఒకటి జ్యోతిని ఎంపిక చేసింది. పదకొండో తరగతి అక్కడి బళ్ళో, అక్కడివాళ్ళ ఇంట్లో ఉండి చదువుతుంది. ఖర్చంతా వాళ్ళదే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఈ వరస క్వార్టర్ల నుంచి అంత దూరం వెళ్ళినవాళ్ళు ఇంతవరకు లేరు.

నవ్వు అయిపోయాక కనకం గొంతు తగ్గించింది. "మరి మొన్న ఢిల్లీ ఎల్లినప్పుడు ఏటైందో మరిసిపోనావా?"

మొన్న అంటే వీసా పనికి వెళ్ళినప్పుడు. ఆ పొద్దున్న నీలవేణి రాత్రి డ్యూటీ దిగి సందు మలుపు తిరిగేసరికి, పెదనాన్నతో కలిసి స్టేషనుకి బయల్దేరిన జ్యోతి ఎదురైంది. తల్లీకూతుళ్ళిద్దరూ నవ్వుకున్నారు కూడా. ఢిల్లీలో కాగితాలు తిప్పి పంపేశారు. తండ్రి పోయినట్టు ఇచ్చిన సర్టిఫికెట్టు హిందీలో ఉందట, ఇంగ్లీషులో కావాలట. అది తీసుకుని మళ్ళీ అంత దూరం వెళ్ళాల్సి వచ్చింది.

"అది కాగితం వల్ల పెద్దమ్మా. అమ్మ వల్ల కాదు."

"నానేటన్నాను? ఏటైందో అన్నాను. ఎందుకైందో అన్నానేటి?"

"అచ్ఛా, అయితే ఇది చెప్పు. అమ్మ రైలు గేటు దగ్గర రోజూ ఎన్ని బళ్ళకి ఎదురు నిలబడుతుంది? పచ్చ జెండా చూపించి పంపిస్తుందా లేదా? ఒక్క బండైనా పడిపోయిందా?"

కనకం ఒక చిక్కుడుకాయ ఎత్తి చూసి, పుచ్చు ఉన్న ముక్క తీసి పారేసింది. "బండికి ఇంజనుంది. మనిషికేటుంది?"

వంటింట్లోంచి అసిరమ్మ గొంతు వినిపించింది. నీలవేణి అత్తగారు ఆమె. "ఓలే కనకం, గుంట మనసు పాడు సెయ్యకే. ఆ ఏళకి నానూ నీలవేణీ లోన కూకుంటాం. మాకేటి, కొత్తా?"

కొత్త కాదు. జ్యోతి పరీక్షలకి వెళ్ళే పొద్దున్నల్లో నీలవేణి బకెట్టు పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళిపోయేది. సైకిలు చప్పుడు సందు చివరిదాకా పోయాక బయటికి వచ్చేది. వెళ్ళమని ఎవరూ చెప్పేవారు కాదు. ఆ సమయానికి నీళ్ళ పని ఏదో ఒకటి గుర్తొచ్చేది.

జ్యోతి వచ్చి పెట్టె మీద ఎక్కి కూర్చుంది. "నానమ్మా, నువ్వు కూర్చో లోపల. అమ్మ కూర్చోదు. ఇప్పుడు లాగమ్మా జిప్పు."

జిప్పు చివరిదాకా వచ్చింది. నీలవేణి తల ఎత్తలేదు. ఎత్తితే తన ముఖం కనకానికి కనిపిస్తుందని, ఏమీ లేని చోట పెట్టె అంచుని చీర చెంగుతో తుడిచింది.

మర్నాడు మధ్యాహ్నం డెన్మార్క్ నుంచి ఫోన్ వచ్చింది, బొమ్మ కనిపించే ఫోన్. జ్యోతి ఎవరి ఇంట్లో ఉండబోతోందో ఆ ఇంటావిడ చేసింది. పేరు బిర్గిట్. కళ్ళజోడు, పొట్టి జుట్టు, వెనకాల కిటికీలో ఎండ. జ్యోతి ఫోనుని పోపులడబ్బాకి ఆనించి నిలబెట్టింది. అటు చెప్పింది ఇటు, ఇటు చెప్పింది అటు చెబుతూ మధ్యలో కూర్చుంది.

"నువ్వేం ఉద్యోగం చేస్తావని అడుగుతోందమ్మా."

"చెప్పు. గేటు అని."

"చెప్పాను, అర్థం కాలేదు. చూపించు."

నీలవేణి అటూ ఇటూ చూసి, గిన్నెలు దించే గుడ్డ తీసింది. నిటారుగా నిలబడి చెయ్యి చాచి పట్టుకుంది. రైలు ముందుకు వస్తున్నట్టు, దాటుతున్నట్టు మెడ మెల్లగా తిప్పింది. డ్రైవరుకి ఒకసారి, చివర్న గార్డుకి ఒకసారి. అంతా సరిగ్గా ఉంది, వెళ్ళండి అని. బిర్గిట్ అటువైపు చప్పట్లు కొట్టి ఏదో గబగబా చెప్పింది.

"వాళ్ళ దేశంలో కూడా ఇలాగేనట! ఎవరైనా ఊరి నుంచి వస్తే ఇంటివాళ్ళంతా జెండాలు పట్టుకుని ఎయిర్‌పోర్టులో ఎదురుగా నిలబడతారట. నా కోసం ఆవిడ జెండా పట్టుకుని నిలబడుతుందట."

"ఏ రంగు జెండా?"

"ఎరుపు. మధ్యలో తెల్ల చారలు."

"ఎర్ర జెండా సూపిస్తే ఇమానం అక్కడే ఆగిపోద్ది కదే," అంది నీలవేణి.

జ్యోతి నవ్వు ఆపుకుంటూ అది ఇంగ్లీషులో చెప్పింది. బిర్గిట్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. వెనక నుంచి అసిరమ్మ మెడ సాచి ఫోనులోకి చూసింది.

"ఆ దొరసాని మొగుడేడీ? కనపడ్డేం?"

"లేడు నానమ్మా. ఎప్పుడో విడిపోయారు."

అసిరమ్మ కనకం వైపు చూసింది. కనకం కాసేపు ఆలోచించింది. "ఆ దేశం లెక్కలు ఏరే," అంది చివరికి.

"చూశావా! అక్కడ దిగినప్పుడు నాకు ఎదురొచ్చేది ఆవిడే. ఇక్కడ కదిలినప్పుడు అమ్మ. ఖతమ్."

ఫోన్ పెట్టేశాక జ్యోతి తన పథకం చెప్పింది. నీలవేణికి సెలవు దొరకలేదు. ఆమె బదులు గేటు చూసే మనిషి లేడన్నారు. మధ్యాహ్నం డ్యూటీ. ఢిల్లీ బండి కట్నీ మీదుగా పోతుంది కాబట్టి, ఆ దారిలోని కోటా ఊరి వైపు ఉన్న ఆ గేటు మీదుగానే పోవాలి.

"సెలవు లేకపోవడమే మంచిది. స్టేషన్లో ఏముంటుంది, జనం. నువ్వు ఇంటి దగ్గర ఎదురొచ్చి, తర్వాత నీ బండి వేసుకుని గేటుకి వెళ్ళిపో. నేను ఎడమ వైపు తలుపు దగ్గర నిలబడతాను. నువ్వు జెండా పట్టుకుని ఉంటావు. మొత్తం వీడియో తీస్తాను. బిర్గిట్‌కి చూపించాలి."

"తలుపు కాడ నిలబడితే పెదనాన్న తిడతాడు."

"ఆయన ఎక్కగానే నిద్రపోతాడు."

ఆ సాయంత్రం నీలవేణి ఇత్తడి చెంబుని చింతపండుతో తోమింది. ఇంతకు ముందు దానితో దేవుడి దగ్గర నీళ్ళు పెట్టడమే తప్ప వీధిలోకి తెచ్చింది లేదు. ఆకుపచ్చ అంచు చీర తీసి, పరుపు కింద మడత పడేలా పెట్టింది. చీకటి పడకముందు కుళాయి దగ్గరికి వెళ్ళింది. కుళాయి క్వార్టర్ల వరస చివర, చిన్న గోడ పక్కన ఉంటుంది. చెంబు నింపి రెండు చేతులతో పట్టుకుని తన గుమ్మం వైపు నడిచింది. మామూలుగా బిందెతో నడిచినట్టు కాకుండా మెల్లగా, తల ఎత్తి నడిచింది. సగం దూరంలో నీళ్ళు ఒలికాయి. వెనక్కి వెళ్ళి, ఈసారి అంచు దాకా నింపకుండా పట్టుకుని మళ్ళీ నడిచింది.

"క్యా హో గయా దీదీ?" అని అడిగింది పక్క క్వార్టరు ఆమె, బట్టలు తీస్తూ.

"కుచ్ నహీ," అంది నీలవేణి. సిగ్గేసి ఆ నీళ్ళు గోడ పక్క బంతిమొక్కకి పోసేసింది.

బయల్దేరే రోజు పొద్దున్నుంచీ వాన. మధ్యాహ్నానికి వెలిసింది. కనకం భర్త తిరుమలరావు ఢిల్లీ దాకా తోడు వెళ్తున్నాడు. ఆటో తెచ్చి సందు ఈ చివర నిలబెట్టి, ఫోనులో చూసుకుని, "వర్జ్యం ఎల్లిపోనాది, ఇంక కదలండి," అన్నాడు.

జ్యోతికి తిండి సయించలేదు. పెరుగన్నం రెండు ముద్దలు తిని కంచం పక్కకి పెట్టింది. పొద్దున ఎవరో స్నేహితురాలు ఫోన్ చేసింది. ఇదే సంస్థ ద్వారా ఇంకో దేశం వెళ్ళాల్సిన పిల్లని, ఏదో అనుమానం వచ్చి విమానం ఎక్కనివ్వకుండా వెనక్కి పంపారట. అప్పటి నుంచి జ్యోతి మెడలో వేలాడుతున్న సంచీ తెరిచి పాస్‌పోర్టు చూసుకుంటోంది. మూస్తోంది, మళ్ళీ తెరుస్తోంది.

అసిరమ్మ మనవరాలి చెంపలు నిమిరి మెటికలు విరిచింది. "బేగి తిరిగొచ్చీ," అంది. వంటింట్లోకి వెళ్ళి తలుపు తనే దగ్గరికి వేసుకుంది.

నీలవేణి కుళాయి దగ్గర నిలబడింది. ఆకుపచ్చ అంచు చీర కట్టుకుంది. చెంబు ఎండ లేకపోయినా మెరుస్తోంది. అక్కణ్ణుంచి అంతా కనిపిస్తోంది. పెట్టె పట్టుకుని అరుగు మీద తిరుమలరావు, స్తంభం పక్కన కనకం. కనకం ఎర్రంచు చీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకుంది. ఎవరూ రమ్మనలేదు కాబట్టి చేతులు కట్టుకుని నిలబడింది.

జ్యోతి గుమ్మంలోకి వచ్చింది.

నీలవేణి నడక మొదలుపెట్టింది. నీళ్ళు ఒలకలేదు. తడి రాళ్ళ మీద చెప్పులు జారకుండా, తల ఎత్తి, కూతురి ముఖం చూస్తూ నడిచింది. జ్యోతి కుడి కాలు గడప దాటింది. కొత్త బూటు, తెల్లది. మెట్టు మీద ఆనింది.

ఆనిన కాలు వెనక్కి వెళ్ళింది.

ఎక్కువ కాదు. వేడి నేల తగిలితే తీసుకున్నంత. జ్యోతి చెయ్యి మెడలో సంచీని గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ళు తల్లి మీద నిలవలేదు. అరుగు మీదికి, స్తంభం వైపుకి పోయాయి. కనకం మీద ఆగాయి. ఏమీ అడగలేదు. ఆగాయి, అంతే.

నీలవేణి నిలబడిపోయింది. చెంబులోకి తొంగి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"ఇందులో నలక పడిందప్పా," అంది. "కొంచెం నువ్వు రా."

కనకం అరుగు దిగి వచ్చింది. నీలవేణి ముఖం చూడకుండా చెంబు అందుకుంది. అందుకునేటప్పుడు ఆమె వేళ్ళు నీలవేణి వేళ్ళ మీద ఒక్క క్షణం ఎక్కువసేపు ఉన్నాయి. తర్వాత ఆమె కుళాయి దాకా వెళ్ళి, తిరిగి, అక్కణ్ణుంచి నడిచింది.

"అమ్మా," అంది జ్యోతి గుమ్మంలోంచి.

"వర్జ్యం మళ్ళీ వచ్చీలాగుంది, కదులు," అంది నీలవేణి. చిన్న గోడ వెనక నుంచి పెరటి సందులోకి తిరిగి, వెనక తలుపు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

అసిరమ్మ పొయ్యి పక్కన పీట మీద కూర్చుని ఉంది. కోడల్ని చూసింది. పీట మీద కాస్త పక్కకి జరిగింది.

ఇద్దరూ ఆనుకుని కూర్చున్నారు. బయట పెట్టె చక్రాలు రాళ్ళ మీద గడగడలాడాయి. "జాగ్రత్తమ్మా," అని కనకం గొంతు. ఆటో ఒకసారి దగ్గి ఆగింది, మళ్ళీ దగ్గింది.

"అమ్మా! అమ్మా, ఇలా రా!"

నీలవేణి లేచింది. ముందు గుమ్మంలోంచి రాలేదు. పెరటి సందులోంచి చుట్టూ తిరిగి, ఆటో వెనక నుంచి వచ్చింది. జ్యోతి పక్కనుంచి చెయ్యి బయటికి చాచి తల్లి మణికట్టు పట్టుకుంది. ముఖం ఎర్రబడి ఉంది.

"గేటు దగ్గర నువ్వే ఉంటావు కదా?"

"డ్యూటీ కదే."

"నువ్వే జెండా పట్టుకోవాలి. నేను ఎడమ తలుపు దగ్గరే ఉంటాను. నువ్వే ఉండాలి. చెప్పు."

"మందుల డబ్బా పైసంచీలో ఎట్టాను. జలుబు చేస్తే ఓర్చుకోకు, వేసీసుకో."

"అమ్మా, చెప్పు."

"బేగెల్లండి. బండి తప్పిపోద్ది."

ఆటో మలుపు తిరిగింది. కనకం ఖాళీ చెంబు మెట్టు మీద బోర్లించి, చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. "నాను ఒస్తానన్నానేటే," అంది. "నాను అడగనేదు కదే."

"నువ్వేం చేశావప్పా," అంది నీలవేణి. "లోపల అత్తకి టీ పెట్టియ్యి. పిల్ల చేరినట్టు ఫోనొచ్చేదాకా ఇల్లు ఊడవకండి."

ఊరి శివారు మంగ్లా దాటేదాకా రోడ్డంతా గోతులు, గోతుల్లో నీళ్ళు. నీలవేణి తన చిన్న స్కూటీని వాటి అంచుల మీదుగా నడిపించింది. చీర మార్చుకోలేదు. గేటు చేరేసరికి పచ్చ అంచు మీద బురద చింది ఉంది.

పైడిరాజు ఎదురొచ్చాడు. పొద్దుటి డ్యూటీ అతనిది. విజయనగరం వైపు మనిషి, నీలవేణి కన్నా చిన్నవాడు. జెండాలు రెండూ దులిపి, బల్ల మీద వరసగా పెట్టి ఉంచాడు.

"నువ్వు రావేమో అనీసి భయపడ్డాను. బండి టయానికే కదిలిందంట. రా, చార్జి తీసీసుకో. నీ పిల్లని నువ్వే సాగనంపు."

నీలవేణి సంచీ మేకుకి తగిలించింది. "ఈ బండి నువ్వు సూపించు తమ్ముడూ. దాటినాక తీసుకుంటాను."

"అదేటి? పిల్ల ఇందులోనే కదా."

"అందుకే."

పైడిరాజు ఆమె వైపు చూశాడు. బురద పడ్డ చీర చూశాడు. పచ్చ జెండా తీసి విప్పాడు.

స్టేషను నుంచి ఫోన్ మోగింది. పైడిరాజు మాట్లాడి పెట్టేశాడు. "గేటు దించే చక్రం నాను తిప్పుతాను," అని నీలవేణి బయటికి వెళ్ళింది. చేతిపిడి పట్టుకుని తిప్పింది. రోజూ తిప్పేదే, ఇవాళ బరువుగా ఉంది. గంట మోగుతుంటే రెండు వైపులా గేటు కర్రలు కిందికి వంగాయి. కూరగాయల బుట్టల ట్రాలీ ఒకటి అవతల ఆగింది. ఒక మోటారుసైకిలు కుర్రాడు తల వంచి కర్ర కింద నుంచి దూరబోతే, "రుకో," అంది. ఆ గొంతుకి కుర్రాడు నిజంగానే ఆగాడు.

తాళం వేసి, చెవి పైడిరాజుకి ఇచ్చి, ఆమె గేటు గది వెనక్కి వెళ్ళింది.

వెనక గోడకీ నీళ్ళ డ్రమ్ముకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటుంది. గోడకి వీపు ఆనించి నిలబడింది. దూరంగా కూత. పిల్ల అక్కడ తలుపు దగ్గర నిలబడి ఉంటుందని తెలుసు. వెతుకుతుందని తెలుసు. ఇంకా అవతల విమానం ఉంది, సముద్రాలున్నాయి. పాస్‌పోర్టు చూసేవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో. ఎక్కడ ఏ కాగితం తప్పినా, ఏ చీటీ పోయినా, ఈ గేటు దగ్గర తను నిలబడిన సంగతి పిల్లకి గుర్తు రాకూడదు. పిల్ల పైకి అనదు. నవ్వేస్తుంది కూడా. వెనక్కి పోయిన ఆ కాలుని మాత్రం దాచుకోలేదు.

గోడ అదరడం మొదలైంది. నీలవేణి రెండు అరచేతులూ వెనక్కి పెట్టి గోడని పట్టుకుంది. ఇంజను చప్పుడు చెవుల మీద పడింది. తర్వాత పెట్టె తర్వాత పెట్టె. డ్రమ్ము పక్క సందులోంచి కింద పరుగెత్తే చక్రాలు తప్ప ఏమీ కనిపించలేదు. డ్రమ్ములో నీళ్ళు గుండ్రంగా వణికాయి. ఆ చప్పుడులో ఎవరో పిలిచినట్టు అనిపించింది. తల తిప్పబోయి, ఆపుకుంది.

చప్పుడు సన్నబడింది. డ్రమ్ములో నీళ్ళు నిలబడ్డాయి.

పైడిరాజు జెండా చుడుతూ వచ్చాడు. బల్ల దగ్గర నిలబడి జెండా కర్ర చివర పట్టుకుని తిప్పాడు.

"ఉందా?" అంది నీలవేణి.

"తలుపు కాడే ఉంది. ఒక సేత్తో ఫోను, ఒక సెయ్యి పైకెత్తి ఊపుతా వచ్చింది, దూరం నుంచే." అతను ఆగాడు. "నన్ను సూసి సెయ్యి దించీసింది."

నీలవేణి తల ఊపింది.

"మెడ సాపి ఎనక్కి సూస్తానే ఉంది, ఆ మలుపు దాకా. నానిలా గది కేసి సెయ్యి సూపించాను, ఎనకున్నావని. కనపడిందో నేదో."

"సరే. చార్జి ఇచ్చీసి ఇంటికెల్లు. మల్లీ వానొచ్చీలాగుంది."

అతను వెళ్ళాక ఆమె కుర్చీలో కూర్చుంది. జెండాలు ముందున్నాయి. పచ్చదాని మీద తడి చుక్కలు పడి ఆ చోట్లు నల్లగా కనిపిస్తున్నాయి. దాన్ని మడతలు విప్పి మోకాలి మీద పరిచి అరచేత్తో సాపు చేసింది.

మేకుకి తగిలించిన సంచీలో ఫోను మోగింది. జ్యోతి తన పేరుకి పెట్టుకున్న పాట అది. నీలవేణి లేచి సంచీలో చెయ్యి పెట్టింది. అదే సమయానికి గోడ మీద స్టేషను ఫోను మోగింది.

ఆమె సంచీలోంచి చెయ్యి తీసి స్టేషను ఫోను ఎత్తింది. కోటా వైపు నుంచి పాసింజరు. గేటు మూతకి గుర్తుగా వాళ్ళు చెప్పిన నంబరు రాసుకుంది, తన నంబరు చెప్పింది. సంచీలో పాట ఇంకా వస్తోంది. ఆమె బయటికి వెళ్ళి చక్రం తిప్పుతుండగా అది ఆగిపోయింది.

గేటు పడింది. తాళం వేసింది. ఎర్ర జెండా చుట్టి చంకలో పెట్టుకుని, పచ్చది చాచి, పట్టాల పక్కన తన చోట నిలబడింది. చినుకులు మొదలయ్యాయి. ఇంజను ఎదురుగా వచ్చింది. డ్రైవరు ఆమెను చూసి చెయ్యి ఎత్తాడు. కిటికీల్లో ముఖాలు పోతున్నాయి. పిల్లని ఒళ్ళో నిలబెట్టుకున్న ఒక ఆడమనిషి, తలుపు దగ్గర కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న ఇద్దరు కూలీలు, బడిసంచీలతో ఆడపిల్లల గుంపు. వాళ్ళలో ఒకమ్మాయి నీలవేణిని చూసి ఊరికే చెయ్యి ఊపింది.

చివరి పెట్టెలోంచి గార్డు తన పచ్చ జెండా చూపించాడు. అంతా సరిగ్గా ఉంది. బండి మలుపు తిరిగిపోయింది. గేటు అవతల హారన్లు మొదలయ్యాయి, "దీదీ, ఖోలో," అని ఎవరో అరిచారు. నీలవేణి ఇంకా చెయ్యి దించలేదు.